మిఖాల్ పావ్లిక్ పేరున ఉన్న మీట

దగ్గుబిళ్ళల రేకు డబ్బాలో దూది పరిచి, దాని మధ్యలో ఆ మీటను పెట్టి తెచ్చాడు వెండెల్ పావ్లిక్. ఎమిల్ హుడాక్ వర్క్‌షాపు తలుపును భుజంతో తోసుకుని లోపలికి వస్తూనే డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టాడు.

"కాఫీ తర్వాత తాగుదాం. ముందు ఇది చూడరా."

ఎమిల్ వంగి చూశాడు. నేరుగా చూస్తే దూది అంచులే కనిపించాయి. మధ్యలో ఉన్నది కనిపించలేదు. ఏదో ఆలోచిస్తున్నవాడిలా తల పక్కకి వాల్చి, కంటి కొసతో పట్టుకున్నాడు. చిటికెనవేలంత ఉక్కు ముక్క, నూనె మెరుపు. చేతిలోకి తీసుకుని గోటితో పొడవునా తడిమాడు. ఒకచోట గోరు తట్టుకుంది.

"పగిలింది," అన్నాడు.

"షూటింగ్ క్లబ్బులో శనివారం తుపాకి కాల్చాను, అప్పుడే. నాలుగో గుండుకి ఏదో తేడాగా శబ్దం వచ్చింది. ఆపేశాను. యాభై ఏళ్ళలో ఎప్పుడూ ఇంత పని చేయలేదు."

ఇద్దరూ ఒకే బడిలో చదివారు. ఒకే గనిలో, వేర్వేరు షిఫ్టుల్లో కొన్నాళ్ళు పనిచేశారు. పశ్చిమ పెన్సిల్వేనియాలోని ఆ లోయలో గనులు మూతపడ్డాక ఎమిల్ తుపాకులు బాగుచేసే పనిలో స్థిరపడ్డాడు. వెండెల్ స్కూలు బస్సు నడిపాడు. ఇప్పుడు ఇద్దరికీ డెబ్బై అటూ ఇటూ.

"సరే, ఉంచి వెళ్ళు. తీరిగ్గా చూస్తాను," అన్నాడు ఎమిల్.

"ఎలా ఉంచుతానురా? నీ లైసెన్సు ఏదీ?"

నిజమే. మూడేళ్ళ కిందట షాపు మూసేసినప్పుడు ఎమిల్ తన లైసెన్సు వెనక్కి ఇచ్చేశాడు. లైసెన్సు లేనివాడి దగ్గర వెండెల్ ఆ ముక్కను వదిలి వెళితే, అది గంటసేపైనా సరే, ఇంకొకరికి ఇచ్చేసినట్టే లెక్క. యజమాని పక్కన కూర్చుని ఉండాలి. పని అయ్యేదాకా కదలకూడదు. పని కాకపోతే జేబులో వేసుకుని ఇంటికి పోయి, మర్నాడు మళ్ళీ తేవాలి.

"అయితే నువ్వు నా నెత్తిన కూర్చుంటావన్నమాట."

"లేకపోతే ఇద్దరం జైల్లో కూర్చోవాలి. పదేళ్ళు. అక్కడ కాఫీ బాగుంటుందంటావా?"

"నీ ఇంట్లో కాఫీ కంటే ఎక్కడైనా బాగుంటుంది."

వెండెల్ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులోనే ఎమిల్ ఒక ప్రయత్నం చేశాడు. "ఒహాయోలో ఒకతను ఉన్నాడట. లైసెన్సు ఉంది, కొత్త మిషన్లు పెట్టాడు. కాగితాలు రాసి అతనికి పంపితే..."

"ఎవడో ముక్కూ మొహం తెలియని వాడి చేతుల్లో మా నాన్నని పెట్టమంటావా?" అన్నాడు వెండెల్. అతని మొహంలో నవ్వు పోయింది. "ఇది పట్టుకుంటే నీ చేతులే పట్టుకోవాలి. మంగళవారం వస్తాను."

ఎమిల్ డబ్బా మూత పెట్టి అతనికి ఇచ్చేశాడు.

ఎమిల్ నిజం చెప్పాల్సింది అప్పుడే. వసంతంలో గ్రీన్స్‌బర్గ్ కళ్ళ డాక్టరు అతని కంటి లోపలి బొమ్మ చూపించి, చూపుకి నడిబొడ్డు లాంటి చోటు ఎండిపోతోందన్నాడు. ఎడమ కన్ను ముందు, కుడి కన్ను తర్వాత. పూర్తి చీకటి రాదట. చుట్టూ ఉన్నవన్నీ కనిపిస్తాయి, చూడాలనుకున్నది మాత్రం కనిపించదు. ఇది ఎమిల్ ఎవరికీ చెప్పలేదు. భార్య ఓల్గాకి కూడా చెప్పలేదు. మోకాలు నొప్పి అని వంక పెట్టి కారు ఆమెకి అప్పగించాడు. స్లోవాక్ క్లబ్బులో శుక్రవారం చేపలు తినేటప్పుడు ఎవరైనా ఫోను చూపిస్తే, చూడకుండానే "బాగుంది" అంటున్నాడు. ఆ లోయలో అతనికున్న పేరంతా అతని చేతులది. చూపు లేని చేతులని ఎవరూ అడగరు.

అయినా మోసం చేద్దామని మాత్రం అతను అనుకోలేదు. ఆదివారం పూజ అయ్యాక వర్క్‌షాపులో దీపాలన్నీ వేసి, భూతద్దం పెట్టుకుని, అంతే మందం ఉన్న పాత ఉక్కు ముక్కల మీద అతుకు వేసి చూశాడు. మూడింటిలో రెండు బాగా వచ్చాయి. వేలితో తడిమితే అతుకు తెలియనంత నున్నగా వచ్చాయి. మూడోది అలవాటు తప్పడం వల్ల పాడైందని తనకి తానే చెప్పుకున్నాడు.

మంగళవారం పొద్దున్నే వెండెల్ వచ్చాడు. ఓల్గా వాళ్ళిద్దరికీ క్యాబేజీ హలూష్కీ పళ్ళెంలో పెట్టి ఇచ్చి, "నువ్వు వాణ్ణి మాటల్లో పెట్టకు వెండెల్, పని చేసుకోనీ," అని వెళ్ళిపోయింది. వెండెల్ స్టూలు లాక్కుని ఎమిల్‌కి ఒక అడుగు దూరంలో కూర్చుని మాటలు మొదలుపెట్టాడు.

ఆ కథ ఎమిల్ వందసార్లు విన్నాడు. వెండెల్ తండ్రి మిఖాల్ యుద్ధం నుంచి వస్తూ మూటలో ఆ మీట, దానితో పాటు నాలుగు చిన్న ముక్కలు తెచ్చుకున్నాడు. ఎందుకు తెచ్చాడో అతనెప్పుడూ చెప్పలేదు. అరవైమూడులో సైన్యం పాత కార్బైన్లు అమ్మితే పోస్టులో ఒకటి తెప్పించాడు. అది మామూలుగా ఒక నొక్కుకి ఒక గుండు పేల్చే తుపాకి. ఆ ముక్కలు అమరిస్తే, నొక్కి పట్టినంతసేపూ వరసగా పేలుతుంది. చట్టం కళ్ళకి తుపాకి తుపాకే. మెషిన్‌గన్ మాత్రం ఆ మీట. అది ఇంట్లో ఉందని తెలిస్తే చాలు, తుపాకి లేకపోయినా నేరమే. మిఖాల్ దాన్ని కాఫీ డబ్బాలో పెట్టి బొగ్గుల గదిలో పూడ్చిపెట్టాడు.

"అరవైఎనిమిది నవంబరు," అన్నాడు వెండెల్. "ఒక్క నెల. ఎవరి దగ్గర ఏమున్నా వచ్చి రాయించుకోండి, ఏమీ అడగం అన్నారు. నాన్న నమ్మలేదు. 'పట్టుకోవడానికి పన్నిన వల ఇది' అన్నాడు. మూడో తరగతిలో గనికి పోయినవాడు, చదవడం అంతంతే. ఫారం నేను నింపాను. పంతొమ్మిదేళ్ళు నాకు."

"తెలుసురా."

"గుడికి పోయి కొవ్వొత్తి వెలిగించి వచ్చి, అప్పుడు సంతకం పెట్టాడు. కాగితం ముద్ర వేయించుకుని తిరిగొచ్చింది. 'యజమాని: మిఖాల్ పావ్లిక్.' ఆయన బతికింది కంపెనీ ఇంట్లో. పడుకున్నది కంపెనీ మంచం మీద. గనిలో వాడిన పలుగు కూడా కంపెనీదే, జీతంలో కోసుకునేవాళ్ళు. ఆ కాగితం పట్టుకుని ఏమన్నాడో తెలుసా? 'ఇది నాదని ప్రభుత్వం ఒప్పుకుంది' అన్నాడు. ఒకటికి పదిసార్లు నాచేత చదివించుకున్నాడు."

మిఖాల్ పోయాక అది వారసుడి ఫారం మీద వెండెల్‌కి వచ్చింది. దానికి ఏడాది ముందే చట్టం తలుపు మూసేసింది. ఎనభైఆరు మే తర్వాత మామూలు మనుషుల కోసం ఒక్క కొత్త ముక్క కూడా రిజిస్టరులో ఎక్కదు. ఉన్నవి ఉన్నన్నాళ్ళే. అరిగితే బాగుచేసుకోవచ్చు, అతుకు వేసుకోవచ్చు. దాని బదులు కొత్తది చేసుకోకూడదు. రిజిస్టరులో ఉన్నది ఆ నంబరు చెక్కిన ఆ ఉక్కే. వేరే ఉక్కు మీద అదే నంబరు చెక్కితే అది దొంగ సరుకు.

"సరే, ఇక నోరు మూయి," అన్నాడు ఎమిల్. వెల్డింగు ముసుగు దించుకున్నాడు.

మొదటి చుక్క సరిగ్గానే పడింది. ఆ వెలుగు అంచున అతనికి పగులు గీత కనిపించింది. రెండో చుక్కకి తల కొంచెం తిప్పాలి. తిప్పితే చెయ్యి ఉండాల్సిన కోణంలో ఉండదు. తిప్పలేదు. నేరుగా చూశాడు. వెలుగు మధ్యలో బూడిదరంగు మచ్చ నిలబడింది. మీట ఎక్కడుందో చేతికి తెలుసనుకున్నాడు. నలభై ఏళ్ళుగా తెలిసిన చేతులే కదా.

ఉక్కు కరిగేటప్పుడు చిన్న నిట్టూర్పు లాంటి శబ్దం చేస్తుంది. అది వినగానే అతను చెయ్యి వెనక్కి లాగాడు. ముసుగు ఎత్తాడు.

"అయిందా?" అన్నాడు వెండెల్.

వెండెల్ స్టూలు దిగి వచ్చి చూశాడు. మీటలో సగం ఉంది. మిగతా సగం, నంబరు చెక్కి ఉన్న సగం, దాన్ని బిగించిన పట్టకారు మీదికి జారి, కొవ్వొత్తి మైనంలా గడ్డకట్టింది. ఇంకా ఎర్రగానే ఉంది.

ఇద్దరూ అది నల్లబడేదాకా చూస్తూ నిలబడ్డారు.

"కరెంటు," అన్నాడు ఎమిల్. "కరెంటు ఒక్కసారి ఎగిరింది. చూశావుగా."

వెండెల్ దీపాలకేసి చూశాడు. అవి నిలకడగా వెలుగుతున్నాయి. "చూడలేదు," అన్నాడు మెల్లగా.

చల్లారిన ముక్కల్ని ఏరి డబ్బాలో, దూదిలో పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, "ఓల్గాకి చెప్పు, వంట బాగుందని," అన్నాడు. అంతకంటే ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదని ఎమిల్‌కి తర్వాత చాలాసార్లు అనిపించింది.

వారం తర్వాత వెండెల్ మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. పాత ఫారం నకలు.

"నంబరు ఇందులో ఉంది. కొలతలు నీకు తెలుసు. ఇంకోటి చెయ్యి."

"వెండెల్..."

"అదే రకం ఉక్కు, అదే నంబరు. పాతది ఏట్లో పారేస్తాను. కాగితం ఉంది, ముక్క ఉంది. ఎవడికి తెలుస్తుంది?"

"నేను చెయ్యను."

"నువ్వే పాడుచేశావు. నువ్వే చెయ్యాలి."

"మనిద్దరికీ తెలుసు కాబట్టి మనం జాగ్రత్తగా ఉంటాం. తర్వాత? నువ్వు పోతే అది పాలెట్‌కి వస్తుంది." పాలెట్ వెండెల్ ఒక్కగానొక్క కూతురు, హారిస్‌బర్గ్‌లో బడి పంతులమ్మ. "తాత కాగితం ఉందని ధైర్యంగా పట్టుకెళ్ళి ఎవరికో చూపిస్తుంది. యుద్ధంనాటి ఉక్కో, నిన్నటి ఉక్కో చూడగానే చెప్పేవాళ్ళు ఉన్నారు. చేతులకి బేడీలు పడేది ఆ పిల్లకి. నీకు కాదు, నాకు కాదు."

వెండెల్ కాగితం మడిచాడు. విప్పాడు. మళ్ళీ మడిచాడు. ఎమిల్ చెప్పింది నిజమని అతనికి తెలుసు. తెలియడం వల్లే కోపం ఇంకా పెరిగింది.

"చట్టం బాగా చెప్తున్నావు. మరి ఇది చెప్పు. నీ చెయ్యి జారదు. నా పెళ్ళాం ఉంగరంలో రాయి ఊడితే, ఆవగింజంత రాయి, నిలబడి కబుర్లు చెబుతూ అతికించావు. ఆ రోజు ఏమైంది?"

"చెప్పాగా. కరెంటు."

"ఇంకోసారి చెప్పు."

"కరెంటు ఎగిరింది."

వెండెల్ అతని కళ్ళలోకి చూశాడు. ఎమిల్‌కి ఎదురుగా ఒక కోటు, ఒక టోపీ, వాటి మధ్య బూడిదరంగు కనిపించాయి. "సరే అయితే," అంది ఆ బూడిదరంగు. తలుపు మూసుకుంది.

ఆ చలికాలమంతా వెండెల్ శుక్రవారాలు క్లబ్బుకి రాలేదు. అతని కుర్చీలో ఎవరూ కూర్చోలేదు, కొన్నాళ్ళకి కూర్చున్నారు. ఎవరో అడిగితే "వాడికి ఒంట్లో బాగా లేదు" అన్నాడు ఎమిల్. క్రిస్మస్ ముందురోజు విందుకి ఓల్గా ఫోను చేసి పిలిచింది. పాలెట్ దగ్గరికి పోతున్నానని చెప్పాడు. మర్నాడు పొద్దున ఓల్గా కారులో పోతూ చూస్తే అతని ఇంటి పొగగొట్టంలోంచి పొగ వస్తోంది.

ఫిబ్రవరిలో ఓల్గాకి విషయం తెలిసింది. ఎవరూ చెప్పలేదు. ఎమిల్ పాల సీసా అనుకుని గిన్నెలు తోమే సబ్బు సీసా కాఫీలోకి వంచాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. అతని మొహం ముందు రెండు వేళ్ళు పెట్టింది.

"ఎన్ని?"

అతను తల పక్కకి తిప్పాడు. అదే ఆమెకి సమాధానం.

"ఎప్పటినుంచి?"

"పోయిన ఏప్రిల్."

ఆమె కుర్చీలో కూలబడింది. నెలలు లెక్కకట్టుకుంది. ఏప్రిల్ తర్వాత మే, తర్వాత వేసవి, తర్వాత అక్టోబరు. "అయితే వెండెల్ మీట..."

"ఊఁ."

"ఓరి దేవుడా. ఎమిల్, ఏం మనిషివి నువ్వు?" అంది. ఆమె ఏడవడం అతనికి వినిపించింది. "నాకు చెప్పకపోతే చెప్పకపోయావు. వాడు పక్కనే కూర్చుని ఉన్నాడు కదా!"

మధ్యాహ్నం ఆమే కారు నడిపి తీసుకెళ్ళింది. వెండెల్ తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా, వద్దనకుండా పక్కకి జరిగాడు. వంటింటి బల్ల దగ్గర ఎమిల్ కోటు విప్పకుండానే చెప్పాడు. డాక్టరు సంగతి, ఆదివారం మూడు ముక్కల సంగతి, రెండో చుక్క సంగతి. కరెంటు ఎగరలేదన్నాడు. దీపం కూడా మినుక్కుమనలేదన్నాడు.

వెండెల్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ మీట ఎలాగూ పోయేదేరా. ఇంకో పదేళ్ళకి ఇంకోచోట పగిలేది. అది నాకు తెలుసు. నేను అడుగు దూరంలో కూర్చున్నాను. నాకు కనబడటం లేదు అంటే చాలు. మూడు మాటలు. పద, మనం ఒహాయోకి పోదాం అనేవాణ్ణి. దారిలో తినడానికి ఓల్గాని ఏమైనా కట్టివ్వమనేవాణ్ణి. నీ కళ్ళ గురించి నేను నలుగురిలో చెప్పేవాడినా? అంతేనా నేను నీకు?"

"సిగ్గేసింది."

"నా దగ్గరా?"



వెండెల్ లేచి సొరుగులోంచి ఒక ఉత్తరం తెచ్చాడు. ఎమిల్ చేతికి ఇవ్వబోయి, ఆగి, తనే చదివాడు. ఆ రిజిస్టరు ఉంచే ఫెడరల్ ఆఫీసుకి తను రాసినదానికి వచ్చిన జవాబు అది. రిజిస్టరైన వస్తువు మరమ్మతులో నాశనమైందని తమకి తెలియజేసినందుకు ధన్యవాదాలు. ఆ వస్తువుకి బదులుగా మరొకటి చేయడానికి, రిజిస్టరు చేయడానికి చట్టంలో వీలు లేదు. రికార్డు ముగించబడింది. మూడు వాక్యాలు. చాలా మర్యాదగా ఉన్నాయి.

"యజమాని పేరు దగ్గర నా పేరు రాశారు," అన్నాడు వెండెల్. "నాన్న పేరు లేదు. ఉండదు కూడా. చూశాను, ఎక్కడైనా ఉంటుందేమోనని."

ఓల్గా అతని భుజం మీద చెయ్యి వేసింది. అతను దాన్ని తీసెయ్యలేదు.

ఆ తర్వాత వెండెల్ క్లబ్బుకి వచ్చాడు. ఎమిల్ పక్కనే కూర్చున్నాడు. చేపలో ముళ్ళు తీసి ఇచ్చేవాడు, ఎవరు లోపలికి వచ్చారో చెవిలో చెప్పేవాడు. "నీ కుడివైపు స్టాష్, పొట్ట ఇంకా పెరిగింది," అనేవాడు. అడిగిన సాయం, అడగని సాయం అన్నీ చేశాడు. కానీ అతను ఎమిల్‌ని ఏమీ ఆటపట్టించడం లేదు. కాఫీ బాగుందనే అంటున్నాడు. యాభై ఏళ్ళుగా ఒకరినొకరు తిట్టుకుంటూ బతికినవాళ్ళు. ఇప్పుడు ఒకరితో ఒకరు మర్యాదగా ఉన్నారు. ఎమిల్ రెండు మూడుసార్లు పాత పద్ధతిలో ఏదో గిల్లి చూశాడు. వెండెల్ చిన్నగా నవ్వి, "అవును," అన్నాడు. అంతే.

ఆగస్టులో, పెరట్లో టమాటాలు కోస్తూ వెండెల్ గుండె ఆగిపోయింది. పక్కింటివాళ్ళు చూసేసరికి గంట దాటింది. ఎమిల్‌కి ఓల్గా చెప్పినప్పుడు అతను వర్క్‌షాపులో ఊరికే కూర్చుని ఉన్నాడు. వెండెల్ కూర్చున్న స్టూలుకేసి కాదు, గోడకేసి కాదు, ఎటో చూస్తూ చీకటి పడేదాకా అలాగే ఉన్నాడు.

అంత్యక్రియలైన మూడో రోజు పాలెట్ ఫోను చేసింది. ఇల్లు సర్దుతోంది, ఒక్కసారి రాగలరా అంది. ఓల్గా తీసుకెళ్ళింది. హాల్లో అట్టపెట్టెలు. సోఫా మీద, పాత దుప్పటి పరిచి, దాని మీద కార్బైన్ పెట్టింది పాలెట్. పక్కన ఒక ఫైలు.

"ఎమిల్ అంకుల్, మిమ్మల్ని తప్ప ఎవర్ని అడగాలో తెలీలేదు. ఈ తుపాకి గురించి నాన్న చిన్నప్పటినుంచీ భయపెట్టేవాడు. ఊరు దాటించాలంటే అనుమతి కావాలి, నేను పోగానే ఆఫీసుకి రాయి, ఎవర్నీ ముట్టుకోనివ్వకు, లేకపోతే జైలు అని. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు తెలుసా? ఇప్పుడు నేనేం చెయ్యాలి? ఎన్ని రోజుల్లో రాయాలి?"

ఎమిల్ చెయ్యి చాచాడు. ఆమె తుపాకిని అతని చేతుల్లో పెట్టింది. చెక్క మీద వేళ్ళు నడిపాడు. బుగ్గ ఆనే చోట నున్నగా అరిగి ఉంది. ఖాళీదేనని వేలు పెట్టి చూసుకున్నాడు.

"ఏమీ చెయ్యక్కర్లేదమ్మా," అన్నాడు. "ఇప్పుడిది మామూలు తుపాకి. ఒక నొక్కుకి ఒక గుండు. ఊరు దాటించడానికి అనుమతి అక్కర్లేదు. ఆ ఆఫీసుకి ఉత్తరాలు అక్కర్లేదు. కావాలంటే ఉంచుకో, వద్దంటే అమ్మెయ్యి."

"నిజంగానా? మరి ఆ ముక్క? ఏదో ముక్క ఉండేది కదా?"

"లేదు. పోయిన ఏడాదే పోయింది. రికార్డు కూడా మూసేశారు."

పాలెట్ పెద్దగా ఊపిరి వదిలింది. "హమ్మయ్య," అంది. "ఎంత తలనొప్పి తప్పించావు నాన్నా!" అని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తండ్రి తనకోసమే ముందుచూపుతో దాన్ని వదిలించుకున్నాడని ఆమె అనుకుంటోంది. ఎమిల్‌కి అర్థమైంది. ఓల్గాకీ అర్థమైంది. ఆమె భర్త మోచెయ్యి పట్టుకుంది, చెప్పు అన్నట్టో, వద్దు అన్నట్టో.

ఎమిల్ నోరు తెరిచాడు. అదెలా పోయిందో, ఎవరి చేతుల్లో పోయిందో ఈ పిల్లకి చెప్పితీరాలనుకున్నాడు.

"అంకుల్, ఇది మీరు తీసుకుంటారా?" అంది పాలెట్. "నాన్నకి మీరంటే ప్రాణం. మీ దగ్గరుంటే ఆయనకి ఇష్టంగా ఉంటుంది."

"వద్దమ్మా," అన్నాడు ఎమిల్. తుపాకిని దుప్పటి మీదికి దించబోయాడు. సోఫా అంచు ఎక్కడుందో తెలియక గాల్లో ఆగిపోయాడు. ఓల్గా రెండు చేతులతో అందుకుంది.